సెషన్ కలుస్తోంది, మెయిల్ కదలడం లేదు

ప్రశ్న: లినక్స్‌లో బింక్‌డి (మెయిల్‌ను చేరవేసే మెయిలర్), హెచ్‌పీటీ (మెసేజీలను ప్యాకెట్లుగా కట్టి విప్పే టాసర్) పెట్టుకుని, బులెటిన్ బోర్డుల (బీబీఎస్) మధ్య మెసేజీలు నడిపే ఔత్సాహికుల నెట్‌వర్క్ ఎఫ్‌ఎస్‌ఎక్స్‌నెట్‌లో చేరాను. మెయిల్ పంచే హబ్ 21:1/100ను (జోన్ 21, నెట్ 1, నోడ్ 100) పోల్ చేస్తే, అంటే నేనే కనెక్ట్ అయి అడిగితే, సెషన్ 'ఓకే' అంటోంది. లాగ్ చివర మాత్రం 'ఎస్/ఆర్: 0/0' (పంపినవి, అందినవి సున్నా). నా మెసేజీలు ఇక్కడే ఉండిపోతున్నాయి.
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: సెషన్ ఓకే అయిందంటే పోర్టు 24554, ఫైర్‌వాల్ బాగున్నట్టే. వాటిని కదపకండి. పంపాల్సిన ఫైలు బింక్‌డికి కనబడలేదు, అంతే.

ముందు 'హెచ్‌పీటీ స్కాన్' నడపండి. ఎకోలో (అందరూ చదివే చర్చా విభాగం) రాసిన మెసేజీని ప్యాకెట్ కట్టేది టాసరే, మెయిలర్ కాదు. ఒకరికే రాసే నెట్‌మెయిల్‌కైతే 'హెచ్‌పీటీ ప్యాక్'. తర్వాత ఔట్‌బౌండ్‌లో (బయటికి వెళ్లాల్సిన మెయిల్ ఉండే డైరెక్టరీ) 00010064 అనే పేరుతో, చివర ఎఫ్‌ఎల్‌ఓ అనో సీఎల్‌ఓ అనో ఉన్న ఫైలు వెతకండి. మొదటి నాలుగు స్థానాలు నెట్, తర్వాతి నాలుగు నోడ్. రెండూ హెక్సాడెసిమల్ (16 ఆధారంగా లెక్కించే పద్ధతి, హెక్స్) కాబట్టే 100 కాస్తా 64 అయింది.

ఫైలు ఉన్నా పోవడం లేదంటే తప్పు దాదాపుగా జోన్‌దే. హెచ్‌పీటీ తన కాన్ఫిగ్‌లోని మొదటి అడ్రస్ జోన్‌కు మామూలు 'ఔట్‌బౌండ్' డైరెక్టరీ వాడుతుంది. మిగతా జోన్లకు పేరు చివర హెక్స్ అంకె తగిలిస్తుంది. 21 అంటే హెక్స్‌లో 15, అందుకే 'ఔట్‌బౌండ్.015' (.021 కాదు, చాలామంది పొరబడేది ఇక్కడే). బింక్‌డి మాత్రం 'డొమైన్' లైను చివరి అంకెను బట్టి వెతుకుతుంది. మీ మొదటి అడ్రస్ 21తో మొదలై, ఆ లైను చివర 1 ఉంటే టాసర్ ఒకచోట పెడుతుంది, మెయిలర్ ఇంకోచోట చూస్తుంది. అక్కడ 21 అని మార్చి, బింక్‌డిని ఆపి మళ్లీ నడపండి.

ప్రశ్న: వచ్చిన ప్యాకెట్లను హెచ్‌పీటీ '.ఎస్‌ఈసీ'గా మార్చి వదిలేస్తోంది.

జవాబు: పాస్‌వర్డ్ లేని సెషన్‌లో వచ్చినవి నాన్‌సెక్యూర్ ఇన్‌బౌండ్‌లో (నమ్మకం లేని మెయిల్ వచ్చిపడే డైరెక్టరీ) పడతాయి. అక్కడి ఎకోమెయిల్‌ను హెచ్‌పీటీ నమ్మదు. హబ్ పేరు ఎవరైనా చెప్పుకోవచ్చు కదా. బింక్‌డి 'నోడ్' లైనులో పాస్‌వర్డ్ స్థానంలో '-' ఉందేమో చూడండి. సెషన్ పాస్‌వర్డ్ వేరు, ప్యాకెట్ పాస్‌వర్డ్ వేరు, ఎకోల్లో చేర్చే, తీసేసే ఏరియాఫిక్స్‌ది మూడోది. ప్యాకెట్ హెడర్‌లో 8 అక్షరాలకే చోటుంది, అంతకన్నా పొడుగు పెట్టకండి. సరిదిద్దాక ఆ ఫైళ్లకు '.పీకేటీ' పేరిచ్చి, సెక్యూర్ ఇన్‌బౌండ్‌లోకి మార్చి 'హెచ్‌పీటీ టాస్' నడపండి.

ప్రశ్న: ఇంటి ఫైబర్‌కు పబ్లిక్ ఐపీ (బయటివాళ్లు నేరుగా చేరగల అడ్రస్) లేదు. నోడ్ నడపగలనా?

జవాబు: నిక్షేపంగా. మీరే గంటకోసారి హబ్‌ను పోల్ చేయండి. ఒకే సెషన్‌లో మెయిల్ రెండు వైపులా నడుస్తుంది. మీరు పోల్ చేసేదాకా మీ మెయిల్‌ను హోల్డ్‌లో ఉంచమని హబ్‌కు చెప్పండి. కరెంటు పోయినప్పుడు '.బీఎస్‌వై' ఫైలు (నోడ్ వాడుకలో ఉందని చెప్పే తాళం) మిగిలిపోతే బింక్‌డి ఆ నోడ్ జోలికి పోదు. 'కిల్-ఓల్డ్-బీఎస్‌వై' విలువ 12 గంటలుగా పెట్టుకుంటే పాత తాళాలు వాటంతటవే పోతాయి.