ఈ-బిల్లుతో డబ్బు తొందరగా వస్తోందా? ముందు లెక్క సరిచూడు

చిరంజీవి అమ్మడికి, పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ఎక్సెల్ షీటు చూశాను. కాగితం బిల్లులప్పుడు సగటున 58 రోజులకు డబ్బు వచ్చేదని, జూన్‌లో బిల్లులు మెయిల్‌లో పంపడం మొదలుపెట్టాక 37 రోజులకే వస్తోందని పైన ఎర్ర అక్షరాలతో రాశావు. మీ ఓనరు గారికి అప్పుడే చూపించకు. ఆ 37 నమ్మదగ్గ అంకె కాదు.

ఆ సగటులో ఉన్నవన్నీ డబ్బు వచ్చేసిన బిల్లులే. జూన్‌లో వేసిన బిల్లు ఇంకా బాకీ ఉంటే దాని వరుసలో రోజులు ఖాళీగా వదిలేశావు, ఎక్సెల్ దాన్ని లెక్కలోకే తీసుకోలేదు. మొదలుపెట్టి మూడు నెలలైన పద్ధతిలో, వంద రోజులు తిప్పించుకునే పార్టీ ఎలా కనబడుతుంది? వాడింకా కట్టలేదు కదా! పాత బిల్లులకేమో చాలా కాలం గడిచింది కాబట్టి మొండి బాకీలు కూడా వసూలై అందులో చేరిపోయాయి. ఒక పక్క అందరూ ఉన్నారు, ఇంకో పక్క తొందరగా కట్టినవాళ్లే ఉన్నారు. జూన్ నుంచి కాగితం బిల్లులే పంపి ఉన్నా, ఈపాటికి నీ సగటు ఇలాగే తగ్గి కనిపించేది.

దీనికి పెద్ద విద్యేమీ అక్కర్లేదు. సగటు పక్కన పెట్టి, 45 రోజుల్లోపు ఎంత శాతం బిల్లులకు డబ్బు వచ్చిందో చూడు. ఇంకా 45 రోజులు నిండని బిల్లులను తీసెయ్, వాటిలో డబ్బు వచ్చినవి ఉన్నా సరే. నిండినవాటిలో కట్టనిది ఉంటే ‘రాలేదు’ కిందే లెక్క. 30కీ 60కీ కూడా అలాగే చెయ్. మధ్యగతం, అంటే రోజుల్ని వరుసలో పెడితే సరిగ్గా మధ్యలో వచ్చే అంకె, కూడా ఇక్కడ బాగా పనికొస్తుంది. 45 రోజులు నిండిన బిల్లుల్లో సగానికి పైగా ఆలోపు వసూలైతే చాలు, మిగతావి ఎప్పుడొచ్చినా, అసలు రాకపోయినా ఆ అంకె మారదు. ఇంకా లోతుకి వెళ్లాలనుంటే కప్లాన్, మేయర్ అనే ఇద్దరు 1958లో ప్రచురించిన పద్ధతి ఉంది. వైద్య పరిశోధనల్లో రోగులు ఎంతకాలం బతికారో చూడటానికి దాన్నే వాడతారు. ఇంకా బతికున్న మనిషిని లెక్కలోంచి తీసెయ్యకూడదు, ఇంకా కట్టని బిల్లునూ తీసెయ్యకూడదు.

ఇక రోజులు ఎక్కడి నుంచి లెక్కపెడుతున్నావు? బిల్లు తేదీ నుంచి అయితే సరిపోదు. మీ అట్టపెట్టెల లోడు పార్టీ గేటు దగ్గర ఎంట్రీ అవుతుంది, స్టోర్స్‌లో జీఆర్‌ఎన్ (సరుకు అందినట్టు రసీదు) వేస్తారు, క్వాలిటీ వాళ్లు సరేనంటారు. ఆ తర్వాతే బిల్లు అకౌంట్స్‌లో పాసవుతుంది. పీవో (కొనుగోలు ఆర్డరు) నంబర్లో ఒక్క అంకె తేడా వచ్చినా పక్కన పడేస్తారు, మనం ఫోన్ చేసేదాకా ఆ సంగతి ఎవరూ చెప్పరు. పాసయ్యాక కూడా, చాలా కంపెనీలు నెలలో ఏ రెండు తేదీల్లోనో పేమెంట్లు వేస్తాయి. మెయిల్ వల్ల తగ్గేది బిల్లు వాళ్ల టేబుల్ చేరేదాకా పట్టే రోజులే. బిల్లు నాలుగు రోజులు ముందు చేరి, డబ్బు మాత్రం ఎప్పటిలా 25వ తేదీనే పడితే నీకు మిగిలిందేముంది? అందుకే సరుకు చేరిన తేదీ, బిల్లు పాసైన తేదీ, డబ్బు పడిన తేదీ మూడూ వేరువేరు గడుల్లో రాసుకో. ఎక్కడ తగ్గిందో తెలుస్తుంది. టీడీఎస్ (ముందే కోసే పన్ను) పట్టుకుని మిగతాది వేస్తే పూర్తిగా కట్టినట్టే రాసుకో, లేకపోతే ఆ బిల్లులు ఎప్పటికీ బాకీలోనే ఉంటాయి.

మీ ఓనరు గారు జీఎస్టీ ఈ-ఇన్‌వాయిస్‌నూ దీన్నీ కలిపి మాట్లాడుతున్నారని రాశావు. 5 కోట్ల టర్నోవరు దాటినవాళ్లకు 2023 ఆగస్టు 1 నుంచి అది తప్పనిసరి అయింది. అయితే ఐఆర్‌ఎన్ (ప్రభుత్వ పోర్టల్ బిల్లుకిచ్చే నంబరు), క్యూఆర్ కోడ్ వచ్చినంత మాత్రాన ఆ బిల్లు పార్టీ అకౌంటెంట్ మెయిల్‌కి దానంతటది వెళ్లదు.

ఇంతకంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. నీ షీటులో పాత బిల్లులు 2022 నుంచి ఉన్నాయి. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి ఆదాయపు పన్ను చట్టంలో 43బీ(హెచ్) అనే సెక్షన్ వచ్చింది. మీలాంటి చిన్న తయారీ యూనిట్లకు ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో కట్టాలి. గడువు దాటించి, మార్చి 31 లోపు కూడా కట్టకపోతే కొన్నవాళ్లు ఆ ఏడాది ఖర్చుగా చూపుకోలేరు. కట్టిన ఏడాదిలోనే చూపుకోవాలి. ఆ దెబ్బకు కదిలిన డబ్బు గొప్ప కూడా నీ మెయిల్‌కే పోతోంది! 2022ని వదిలెయ్. నిరుటి జూన్, జూలై, ఆగస్టులతో ఈ ఏటి అవే నెలల్ని పోల్చు. అప్పుడూ ఇప్పుడూ ఆ నిబంధన ఉంది, సీజనూ ఒకటే.

పోల్చేది కూడా ఏ పార్టీని ఆ పార్టీతోనే. మెయిల్‌కి ముందుగా ఒప్పుకున్నవి పద్ధతిగా నడిచే పెద్ద కంపెనీలు, అవి ఎలాగూ బాగానే కడతాయి. ఇంకా కాగితం మీదే ఉన్న 14 పార్టీలనూ చూడు. వాళ్లూ ఐదు రోజులు ముందుకొచ్చి ఉంటే, ఆ ఐదు రోజుల గొప్ప మెయిల్‌ది కాదు.

640 బిల్లులున్నాయని మురిసిపోకు. ఒక పార్టీ 40 బిల్లులకు ఒకే ఆర్టీజీఎస్ కొడితే అది ఒక్క నిర్ణయం. ఆ 640 మీద టీ-టెస్ట్ (రెండు సగటుల తేడా నిజమా, కాకతాళీయమా అని చూసే పరీక్ష) చేస్తే కంప్యూటర్ చాలా ధీమాగా జవాబిస్తుంది, కానీ నీకున్న సాక్షులు మెయిల్‌కి మారిన 12 పార్టీలే. వాటిలో ఎన్ని ముందుకొచ్చాయో లెక్కపెట్టు. మెయిల్ ప్రభావమేమీ లేకపోతే ఒక్కో పార్టీ ముందుకో వెనక్కో పోవడం బొమ్మా బొరుసే. పన్నెండిట్లో పది లేదా అంతకంటే ఎక్కువ ముందుకొచ్చే అవకాశం 4096లో 79, అంటే నూటికి రెండు. తొమ్మిదైతే నూటికి ఏడు దాటుతుంది, అంత గట్టిగా మాట్లాడలేం. ఇది చాలా పాత లెక్క. ఆర్బత్‌నాట్ అనే డాక్టరు లండన్‌లో 82 ఏళ్ల బాప్టిజం పుస్తకాలు తిరగేసి, ప్రతి ఏడూ మగపిల్లలే ఎక్కువని చూసి 1710లో ఇలాగే వాదించాడు. ఆయన దాన్ని దేవుడి ఏర్పాటన్నాడనుకో, అది వేరే కథ.

మిగిలిన 14 పార్టీలను ఒకేసారి మార్చొద్దు. చీటీలు వేసి ఏడింటిని ఇప్పుడు, ఏడింటిని మూడు నెలల తర్వాత మార్చండి. ‘బాగా లేటు చేసేవాళ్లతో మొదలుపెడదాం’ అంటారు మీ ఓనరు గారు. ఒప్పుకోకు. ఈ నెల మరీ లేటు చేసినవాళ్లు వచ్చే నెల ఏమీ చెయ్యకపోయినా కొంత దారికొస్తారు, ఆ పేరు మెయిల్‌కి పోతుంది.

ఆయనకు చివరికి కావాల్సింది రూపాయలే. నెలకు 50 లక్షల అమ్మకం మీద నిజంగా 6 రోజులు తగ్గితే 10 లక్షలు చేతిలోకొస్తాయి. సీసీ (క్యాష్ క్రెడిట్ అప్పు) ఖాతాలో 10 శాతం వడ్డీ అయితే ఏడాదికి లక్ష మిగులు. సాఫ్ట్‌వేర్‌కి ఏటా ఎంత కడుతున్నారో దాని పక్కన పెట్టి చూపించు.

జూన్ బిల్లులన్నిటికీ 90 రోజులు సెప్టెంబరు 28కి నిండుతాయి. అప్పుడు షీటు మళ్లీ పంపు, కట్టని వరుసలు ఒక్కటి కూడా తీసెయ్యకుండా. బ్యాంకు స్టేట్‌మెంటు కూడా జత చెయ్. ట్యాలీలో నువ్వు రసీదు వేసిన తేదీ కాదు, ఖాతాలో డబ్బు పడిన తేదీ కావాలి నాకు.

పెదనాన్న