ఈఏపీసెట్ ర్యాంకు ఉన్నా లెక్కల టీచర్ అవుతానంటోంది

ప్రశ్న: మా అమ్మాయి ఈ ఏడాది ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసింది. ఈఏపీసెట్ ర్యాంకుకి సిటీలోనే ఓ మోస్తరు ఇంజనీరింగ్ కాలేజీలో సీటొస్తుంది. తను మాత్రం బీఎస్సీ మ్యాథ్స్, ఆపైన బీఈడీ చేసి హైస్కూల్లో లెక్కలు చెబుతానని పట్టుబట్టింది. ‘టీచర్ పోస్టులు ఎప్పుడో గానీ వేయరు. ముందు బీటెక్ చేయించు, అప్పటికీ మనసు మారకపోతే బీఈడీ చేయిద్దువు’ అని బంధువులు అంటున్నారు. ఏ దారి మంచిది? జీతం మాటేమిటి?
– ఒక తండ్రి, ఉప్పల్

జవాబు: బంధువులు చెప్పినదాంట్లో సగం నిజముంది సార్. బీటెక్ చేసినవాళ్లు కూడా ఎడ్‌సెట్ రాసి బీఈడీలో చేరొచ్చు. కానీ నాలుగేళ్లూ రెండేళ్లూ కలిపి ఆరేళ్లవుతుంది. ఆ నాలుగేళ్ల ఫీజుతో పాటు, ఇష్టం లేని చదువులో మిగిలిపోయే బ్యాక్‌లాగులనీ లెక్కేసుకోండి. ‘ముందు బీటెక్’ అన్న చాలా ఇళ్లలో అసలు ఉద్దేశం పిల్ల ఈలోగా మనసు మార్చుకుంటుందనే. మీ ఉద్దేశం కూడా అదే అయితే ఆ సంగతి అమ్మాయితో నేరుగా మాట్లాడండి. మార్చుకోదని నమ్మితే మాత్రం దగ్గరి దారులే చూద్దాం.

అన్నిటికంటే దగ్గరిది ఐటెప్, అంటే ఇంటర్ తర్వాత నాలుగేళ్లలో బీఎస్సీ, బీఈడీ రెండూ కలిసి పూర్తయ్యే కోర్సు. వరంగల్ ఎన్ఐటీలో ఉంది. ప్రవేశానికి ఎన్‌టీఏ నిర్వహించే ఎన్‌సెట్ రాయాలి. చిక్కల్లా ఏమిటంటే, దాని దరఖాస్తు గడువు ఇంటర్ పరీక్షల హడావుడిలోనే అయిపోతుంటుంది. ఎంపీసీ పిల్లలంతా జేఈఈ, ఈఏపీసెట్ ధ్యాసలో ఉండి దాని పేరైనా వినరు. మీ అమ్మాయి రాయలేదనే అనుకుంటున్నాను. దానికోసం ఏడాది ఆగమని మాత్రం చెప్పను. మూడేళ్ల బీఎస్సీ, రెండేళ్ల బీఈడీ దారి తెరిచే ఉంది.

బీఎస్సీకి డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ పోర్టల్ దోస్త్‌లో దరఖాస్తు చేయాలి. నిజాం కాలేజీ, సిటీ కాలేజీ, కోఠి మహిళా విశ్వవిద్యాలయం లాంటివి మొదటి ఆప్షన్లుగా పెట్టుకోవచ్చు. గ్రూపు ఏదైనా అందులో మ్యాథ్స్ ప్రధాన సబ్జెక్టుగా ఉండాలి. డేటా సైన్స్ అనో ఇంకోటనో కొత్త పేర్లు చూసి చేరి, తీరా బీఈడీలో మ్యాథ్స్ మెథడాలజీ (లెక్కలు బోధించే పద్ధతి) అడిగేసరికి చిక్కులో పడే పిల్లలున్నారు. డిగ్రీలో కనీసం 50 శాతం మార్కులు తెచ్చుకోవాలి. రిజర్వేషన్ ఉన్నవాళ్లకు సడలింపు ఉంటుంది.

ఇక పోస్టుల సంగతి. బంధువుల భయం ఊరికే పుట్టలేదు. తెలంగాణలో ప్రభుత్వ బడుల టీచర్ల భర్తీ, అంటే డీఎస్సీ, 2017 తర్వాత మళ్లీ జరిగింది 2024లోనే. 2023 సెప్టెంబరులో 5,089 పోస్టులకు ఇచ్చిన నోటిఫికేషన్‌ను రద్దు చేసి, 2024 ఫిబ్రవరిలో 11,062 పోస్టులతో కొత్తది ఇచ్చారు. ఆ అంకె చూసి మురిసిపోకండి. అందులో స్కూల్ అసిస్టెంట్ పోస్టులు, అంటే మీ అమ్మాయి కోరుకునేవి, అన్ని సబ్జెక్టులకూ కలిపి 2,629 మాత్రమే. 6,508 ఎస్జీటీ పోస్టులు, అంటే ప్రాథమిక తరగతులు చెప్పే టీచర్లవి. స్కూల్ అసిస్టెంట్లలో 70 శాతం ఎస్జీటీల ప్రమోషన్లతో నింపుతారు, నేరుగా తీసుకునేది 30 శాతమే. బీఈడీ ఉంది కదా అని ఎస్జీటీకి పోదామంటే కుదరదు. ప్రాథమిక తరగతులకు బీఈడీ అర్హత కాదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఎస్జీటీకి డీఈడీ (ఇప్పుడు డీఎల్‌ఈడీ అంటున్నారు) చేయాలి. ప్రభుత్వ ఉద్యోగమే ముఖ్యమనుకునే ఇంట్లో పిల్లకైతే ఇంటర్ కాగానే డీసెట్ రాసి డీఎల్‌ఈడీలో చేరమనే చెబుతాను. మీ అమ్మాయికి కావాల్సింది హైస్కూలు, లెక్కలు. కాబట్టి అది తనకు సరిపడదు.

జీతం అడిగారు కాబట్టి చెబుతున్నాను. 2020 పీఆర్సీ (వేతన సవరణ) ప్రకారం స్కూల్ అసిస్టెంట్ మూలవేతనం రూ. 42,300తో మొదలవుతుంది. డీఏ, హెచ్‌ఆర్‌ఏ అదనం. గురుకులాల్లో హైస్కూలు తరగతులు చెప్పే టీజీటీకీ అదే స్కేలు. 2023లో గురుకుల బోర్డు 4,020 టీజీటీ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. డీఎస్సీ ఒక్కదాన్నే పట్టుకుని కూర్చునేవాళ్లు ఈ పోస్టులను పట్టించుకోరు. కేంద్రీయ విద్యాలయాలు కూడా ఉన్నాయి, వాటికి కేంద్రం పెట్టే టీచర్ అర్హత పరీక్ష సీటెట్‌లో రెండో పేపరు పాసవ్వాలి.

రాష్ట్రం పెట్టే టీచర్ అర్హత పరీక్ష టెట్‌ని బీఈడీలో ఉండగానే రాయొచ్చు. రెండో పేపరుకి 150 మార్కులు. ఓసీలకు 90, బీసీలకు 75, ఎస్సీ ఎస్టీలకు 60 వస్తే పాస్. పాసైతే చాలనుకోకూడదు, డీఎస్సీలో టెట్‌కి 20 శాతం వెయిటేజీ ఉంటుంది. స్కోరు పెంచుకోవడానికి ఎన్నిసార్లయినా రాసుకోవచ్చు. లెక్కల వాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. సబ్జెక్టుకి ఉన్న 60 మార్కుల్లో లెక్కలవి 30, మిగతా 30 సైన్స్‌వి, అందులో బయాలజీ కూడా ఉంటుంది. పదో తరగతితో బయాలజీని వదిలేసిన ఎంపీసీ పిల్లలు ఆ మార్కుల్ని తేలిగ్గా తీసుకుంటారు.

బీఈడీ కాలేజీ ఎంచుకోవడం దగ్గర నాదొక పట్టుదల. ‘రోజూ రానక్కర్లేదు, పరీక్షలకొస్తే చాలు, రికార్డులు మేం చూసుకుంటాం’ అనే కాలేజీలు సిటీ చుట్టుపక్కల తక్కువేం లేవు. వాటి జోలికి వెళ్లొద్దు. మాసబ్ ట్యాంకులోని ఐఏఎస్ఈ, ఉస్మానియా క్యాంపస్‌లోని ఎడ్యుకేషన్ కాలేజీలో సీటొచ్చేలా ఎడ్‌సెట్ రాయాలి. ఎడ్‌సెట్ మరీ కష్టమేం కాదు, 150 ప్రశ్నలు, రెండు గంటలు. రెండేళ్ల బీఈడీలో 20 వారాలు బడిలో గడపాలని నిబంధన. అసలు శిక్షణంతా ఆ వారాల్లోనే ఉంది.

ఎందుకంటే బీఎస్సీలో చదివే రియల్ అనాలిసిస్, గ్రూప్ థియరీ ఏడో తరగతి గదిలో నేరుగా ఉపయోగపడవు. అక్కడ ఒక పిల్లాడు 1/2 + 1/3 = 2/5 అని రాస్తాడు. ‘తప్పు, కసాగు తీయి’ అంటే తీస్తాడు, ఆ రోజుకి సరిగ్గానే చేస్తాడు. వారం తర్వాత మళ్లీ 2/5. ‘సగానికి ఇంకొంత కలిపావు కదా, మరి సగం కన్నా తక్కువెలా వచ్చింది?’ అని అడిగితే కాసేపు ఆలోచనలో పడతాడు. ఇంకో పిల్ల 0.4 కన్నా 0.35 పెద్దదంటుంది, ఎందుకంటే 4 కన్నా 35 పెద్దది కదా. ఆ పిల్లకి తెలివి తక్కువని కాదు, పూర్ణాంకాల్లో పనిచేసిన సూత్రాన్నే ఇక్కడా వాడుతోంది. మైనస్ ఇంటూ మైనస్ ప్లస్ ఎందుకవుతుందని అడిగితే మన టీచర్లలో చాలామంది ‘అది రూలు’ అంటారు. 3×(–2), 2×(–2), 1×(–2), 0×(–2) వరుసగా బోర్డు మీద రాయించండి. జవాబులు –6, –4, –2, 0 అని రెండేసి పెరుగుతుంటాయి. తర్వాతి వరస (–1)×(–2) ఎంతో క్లాసే చెప్పేస్తుంది. తప్పు వెనకున్న ఆలోచన ఏమిటో పట్టుకోవడం మీద మీ అమ్మాయికి సరదా ఉందా లేదా అన్నదే నేను చూసే అర్హత. లెక్కల్లో నూటికి నూరు వచ్చే పిల్లలందరికీ అది ఉండదు. టకటకా చేసేవాళ్లలో కొందరికైతే పక్కవాడికి ఎందుకు రావట్లేదో అర్థంకాక చిరాకు కూడా వస్తుంది.

అది తేల్చుకోవడానికి డిగ్రీ అయ్యేదాకా ఆగక్కర్లేదు. ఈ సెలవుల్లో మీ వీధిలోని ఆరేడు తరగతుల పిల్లల్ని ఇద్దరు ముగ్గుర్ని కూర్చోబెట్టుకుని భిన్నాలు, బీజగణితం మొదటి పాఠాలు చెప్పమనండి. బాగా చదివే పిల్లలు వద్దు, లెక్కలంటే టెన్షన్ పడేవాళ్లు కావాలి. రెండు నెలల తర్వాత కూడా ఉత్సాహంగా ఉంటే మీరు బంధువులకు జవాబు చెప్పుకోనక్కర్లేదు.

బీఈడీ అయ్యాక కోచింగ్ పేరుతో దిల్‌సుఖ్‌నగర్‌లోనో అశోక్‌నగర్‌లోనో గది తీసుకుని నోటిఫికేషన్ కోసం ఏళ్లకేళ్లు ఎదురుచూడటం మాత్రం వద్దు. బడిలో చెబుతూనే డీఎస్సీకి చదవాలి. హైదరాబాద్‌లో ప్రైవేటు బడుల్లో లెక్కల టీచర్‌కి గిరాకీ ఎప్పుడూ ఉంటుంది. జీతాలకు మాత్రం ఒక లెక్కంటూ లేదు. వీధి చివరి బడికీ, ఇంటర్నేషనల్ అని బోర్డు పెట్టుకున్నదానికీ మధ్య తేడా చాలా ఎక్కువ. డెమో క్లాస్ బాగా ఇస్తే బేరం ఆడొచ్చు. చేరేముందు మూడు విషయాలు అడగాలి: వేసవి సెలవుల్లో జీతం ఇస్తారా, పీఎఫ్ కడతారా, వారానికి ఎన్ని పీరియడ్లు. ఒరిజినల్ సర్టిఫికెట్లు మా దగ్గర పెట్టండి అనే యాజమాన్యానికి దండం పెట్టి వచ్చేయడమే.

ఇంకో పని మీరు ఈ నెలలోనే చేయొచ్చు. డీఎస్సీ జిల్లా పోస్టు, 95 శాతం స్థానికులకే. ఒకటి నుంచి ఏడో తరగతి దాకా ఎక్కడ చదివారన్నదాన్ని బట్టి స్థానికత నిర్ణయిస్తారు. ఉప్పల్ ఉన్నది మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో. అమ్మాయి చిన్నప్పుడు చదివిన బడి జిల్లా గీత దాటి హైదరాబాద్‌లో ఉందేమో చూసుకోండి. చిన్న ప్రైవేటు బడులు మూతపడితే బోనఫైడ్ కోసం ఎంఈవో ఆఫీసు చుట్టూ తిరగాల్సి వస్తుంది. ఆ ఏడు తరగతుల బోనఫైడ్లూ ఇప్పుడే తీసి ఫైల్లో పెట్టుకోండి.