గుండె లేని చెట్టులో నీరు పైకి ఎలా వెళుతుంది?

రాయగడలో ఒడియా మాధ్యమంలో పదో తరగతి చదువుతున్న మీ అబ్బాయికి మనిషి అవయవ వ్యవస్థలు అర్థమయ్యాయనీ, మొక్క దగ్గరకు వచ్చేసరికి ఆగిపోతున్నాడనీ రాశారు. మనిషికి జీర్ణ, శ్వాస, ప్రసరణ, విసర్జన వ్యవస్థలంటూ ఇన్ని ఉండగా మొక్కకు వేరు వ్యవస్థ, కాండ వ్యవస్థ అని రెండే ఎందుకు ఉన్నాయనీ, గుండె లేకుండా కొబ్బరిచెట్టు కొసకు నీరు ఎలా చేరుతుందనీ వాడు అడిగిన రెండు ప్రశ్నలూ చాలా మంచివి. పర్లాకిమిడిలో మన తెలుగు ఇళ్ల పిల్లలకు పదహారేళ్లుగా ట్యూషన్ చెబుతున్న అనుభవంతో సమాధానం రాస్తున్నాను.

ముందుగా నేను చేసిన ఒక పొరపాటు చెప్పాలి. మొదటి రెండు మూడేళ్లు నేను కూడా ఆకు మొక్కకు ఊపిరితిత్తి అనీ, వేరు నోరు అనీ, కాండం వెన్నెముక అనీ జతలు కట్టి చెప్పేదాన్ని. పిల్లలు వెంటనే గుర్తుపెట్టుకునేవారు కాబట్టి అది మంచి పద్ధతే అనుకున్నాను. ఒక ఏడాది ఒక అమ్మాయి పరీక్షలో మొక్క వేళ్లతో ఆహారం తింటుందని రాసింది. తప్పు ఆ పిల్లది కాదు, నాది. వేరు నేల నుంచి పీల్చుకునేది నీరు, ఖనిజ లవణాలు. ఆహారం తయారయ్యేది ఆకులో. ఆ రోజు నుంచి జతలు కట్టడం మానేసి, ఏ పని జరుగుతోంది, దానికి శక్తి ఎక్కడి నుంచి వస్తోంది అన్న రెండు ప్రశ్నలే వేయిస్తున్నాను. మీరూ అలాగే చేయండి.

వ్యవస్థలు రెండే ఎందుకన్నది ఈ ప్రశ్నలతోనే తేలుతుంది. మనిషి ఆహారం కోసం కదలాలి కాబట్టి కండరాలు, ఎముకలు కావాలి. తిన్నది ఘన పదార్థం కాబట్టి అరిగించే గొట్టం కావాలి. లోపలి కణాలు గాలికి దూరంగా ఉంటాయి కాబట్టి ఆక్సిజన్‌ను మోసే రక్తం కావాలి. మొక్క ఉన్నచోటనే ఉండి తన ఆహారాన్ని తానే తయారు చేసుకుంటుంది, దాని ఆకులోని కణాల మధ్య గాలి నిండిన ఖాళీలు ఉంటాయి, అందువల్ల వాయువులు పత్రరంధ్రాల గుండా వచ్చి నేరుగా కణాలకు చేరతాయి. అవసరాలు వేరు కాబట్టి నిర్మాణమూ వేరు. అంతేగాని మొక్క తక్కువ జీవి అన్న భావం పిల్లవాడి మనసులో పడనివ్వకండి.

ఇక నీటి సంగతి. మన గుండె విశ్రాంతిలో నిమిషానికి సుమారు 72 సార్లు కొట్టుకుంటూ దాదాపు 5 లీటర్ల రక్తాన్ని నెడుతుంది. ఇక్కడ ముఖ్యమైన మాట ‘నెట్టడం’. చెట్టు దారువులో, అంటే నీటిని మోసే కణజాలంలో, జరిగేది నెట్టడం కాదు, లాగడం. ఎండకు ఆకుల్లోని నీరు ఆవిరై పత్రరంధ్రాల గుండా బయటకు పోతుంటే, నీటి అణువులు ఒకదానినొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి కాబట్టి, వెళ్లిపోయిన నీటి వెనుక ఉన్న నీరు తాడులా పైకి సాగుతుంది. డబ్లిన్‌లో డిక్సన్, జోలీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1894లో ఈ వివరణ ఇచ్చారు. బావి గట్టున పెట్టిన మోటారు గాలి పీడనం సాయంతో పది మీటర్లకు మించి నీటిని పీల్చలేదని మన రైతులందరికీ అనుభవమే. ఇరవై మీటర్ల కొబ్బరిచెట్టు ఆ హద్దును దాటుతున్నదంటే దానికి కారణం నీటి అణువుల ఈ పట్టే. ఇందులో చెట్టు తన శక్తిని దాదాపు ఖర్చు పెట్టదు, పని చేసేది ఎండ. పైగా నీటిని మోసే దారునాళాలు మృతకణాలు. మృతకణాల గొట్టంలో జీవజలం నడవడం నాకు ఇప్పటికీ ఎంతో అద్భుతంగా అనిపిస్తుంది.

దీన్ని మీ పెరట్లోనే చూపించవచ్చు. మా ఇంటి బీరతీగ వైశాఖంలో, మొదలు దగ్గర నేలలో తడి ఉన్నా సరే, మధ్యాహ్నం ఒంటిగంటకు ఆకులు వాల్చేస్తుంది. సాయంత్రం ఐదింటికి నేను నీరు పోయకుండానే నిలబడుతుంది. ఆకులు కోల్పోయే వేగాన్ని వేళ్లు ఆ రెండు మూడు గంటలు అందుకోలేకపోయాయన్నమాట. నేల నిజంగా ఎండినప్పుడైతే మొక్కలో అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను పెరిగి పత్రరంధ్రాలు మూసుకుంటాయి. నాడులు లేకపోయినా మొక్క భాగాల మధ్య కబురు నడుస్తుందనడానికి ఇది మంచి ఉదాహరణ. తెల్లవారుజామున వరి ఆకుల కొసన వరుసగా నిలిచే బొట్లను కూడా చూపించండి. వాటన్నిటినీ మంచు అనుకుంటాం గానీ, కొసన నిలిచే బొట్టు చాలాసార్లు వేరు పీడనం వల్ల లోపలి నుంచి వచ్చిన నీరే. అంటే వేరు కొంత నెడుతుంది కూడా, కానీ పెద్ద చెట్టు కొసకు చేర్చడానికి ఆ బలం చాలదు.

ఇంగ్లండ్‌లో స్టీఫెన్ హేల్స్ అనే ఒకే మనిషి వేరు నెట్టే బలాన్నీ, గుండె నెట్టే బలాన్నీ కొలిచాడని చెబితే పిల్లలు చెవులు రిక్కిస్తారు. కోసిన ద్రాక్ష మోడుకు గాజు గొట్టం కట్టి వేరు పీడనాన్ని చూసి 1727లో ప్రకటించాడు; గుర్రం ధమనికి గాజు గొట్టం అమర్చినప్పుడు రక్తం 8 అడుగుల 3 అంగుళాలు పైకి లేచిందని 1733లో రాశాడు. మన జగదీశ్ చంద్రబోస్ మొక్క కణాలే గుండెలా స్పందిస్తూ నీటిని పంపుతాయని భావించారు గానీ, తరువాతి పరిశోధనలు ఆ వివరణను బలపరచలేదు.

చక్కెర వెళ్లే దారి మరొకటి, అది దారువులో కాకుండా పోషక కణజాలంలో నడుస్తుంది. దీనికి మన గజపతి, రాయగడ కొండల్లో సవరలు గీసే జీలుగుచెట్టు కంటే మంచి పాఠం లేదు. ఒడియాలో దాన్ని సలప అంటారని మీ అబ్బాయికి తెలిసే ఉంటుంది. గెల కొసను చెక్కి కుండ కడితే తియ్యని రసం దానంతటదే కారుతుంది, ఎందుకంటే అక్కడ ద్రవం పీడనంతో నెట్టబడుతోంది. ఆకుల్లో తయారైన చక్కెర, కాండంలో దాచుకున్న పిండి కరిగి వచ్చిన చక్కెర పూలకు, కాయలకు వెళ్లే దారిలో ఉండగా మనుషులు దాన్ని కుండలోకి మళ్లిస్తున్నారు. పోషక కణజాలంలో దిశ ఎప్పుడూ కిందికే అని పిల్లలు రాస్తుంటారు, అది తప్పు. చక్కెర ఉన్న చోటు నుంచి అవసరమున్న చోటికి, పైకైనా కిందికైనా వెళుతుంది. మన రక్తం మాదిరిగా తిరిగి తిరిగి మొదటి చోటికి వచ్చే చక్రం ఇక్కడ లేదు.

భాష గురించి ఒక్క మాట. బడిలో వాడు ‘ఫుస్‌ఫుస్’, ‘హృత్‌పిండ’, ‘ఆలోకశ్లేషణ’ అని చదువుతాడు, మీరు ఇంట్లో ఊపిరితిత్తులు, గుండె, కిరణజన్య సంయోగక్రియ అంటారు. రెండు వరుసల్లో రెండు మాటలూ ఒకే నోటుబుక్కులో రాయించండి. పరీక్షలో ఒడియా మాట రావాలి, అర్థం తెలుగులో ముందే పడి ఉండాలి.

ఈ ఆదివారమే ఒక పని చేయించండి. గట్టు మీద దొరికే గడ్డిచామంతి కాడలు ఒకే పొడవువి రెండు తెచ్చి, నీటిలో ముంచి ఉంచి అడుగున కోసి, ఒకదాని ఆకులన్నీ తీసేసి, రెండింటినీ ఎర్ర సిరా కలిపిన నీటిలో ఎండ తగిలే కిటికీ దగ్గర నిలబెట్టండి. రెండు గంటల తరువాత మీరే బ్లేడుతో కాడను అడ్డంగా కోసి చూపిస్తే వలయంగా ఎర్రని చుక్కలు కనబడతాయి. ఏ కాడలో రంగు ఎంత ఎత్తుకు వచ్చిందో స్కేలుతో కొలిచి, ఆకులున్న దానిలో ఎందుకు ఎక్కువ ఎక్కిందో వాడి మాటల్లోనే రాయమనండి.