బట్వాడా తప్పనివ్వకు

అమ్మడూ,

మొన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. బెంగళూరు ఉద్యోగం మానేసి వచ్చేస్తున్నావనీ, యడ్లపాడు వైపు కారం యూనిట్ పెడతానంటున్నావనీ, మన చుట్టుపక్కల పిల్లలకి ఇక్కడే పని చూపించాలని నీ కోరికనీ చెప్పాడు. చెబుతున్నంతసేపూ వాడి గొంతులో భయం ఎంతుందో గర్వమూ అంతే ఉంది. నాకూ అంతే. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఫోన్లో చెబితే "సరే అత్తా, సరే అత్తా" అని పెట్టేస్తావు, అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఓపిగ్గా చదువు.

నీ ఆలోచన నాకు నచ్చింది. ఆసియాలోకెల్లా పెద్ద మిర్చి యార్డు మన ఇంటి దగ్గర ఉంది. వంకాయలపాడులో స్పైసెస్ పార్కు ఉంది. లాంలో పరిశోధనా స్థానం ఉంది. ఇన్ని ఉండి కూడా మన మిరపకాయలో ఎక్కువ భాగం కాయగానే టిక్కీల్లో, అంటే గోనెసంచుల్లో, లారీ ఎక్కిపోతోంది. తేజ రకం చైనాకి పోతుంది. కాయలోంచి రంగు, ఘాటు తీసే పెద్ద ఫ్యాక్టరీలేమో కేరళలో కొచ్చి చుట్టూ పెరిగాయి. సరుకుకి విలువ పెరిగే పని ఎక్కడ జరిగితే జీతాలూ అక్కడే పుడతాయి. మన పిల్లలు ఆ లారీల వెనకాలే ఊరు దాటిపోతున్నారు. నువ్వు ఒక్క మర పెట్టినా ఆ దారికి కాస్త అడ్డం పడినట్టే.

చిన్న పరిశ్రమలు చేయించుకునే ఉద్యం నమోదు, జీఎస్టీ, ఆహార లైసెన్సు, కరెంటు లైను సంగతులు నీకు నేను చెప్పక్కర్లేదు. ఉద్యం నమోదు ఉచితం, ఎవరైనా ఫీజు అడిగితే ఇవ్వకు. సూక్ష్మ ఆహార పరిశ్రమలకి కేంద్రం ఇచ్చే సబ్సిడీ ఖర్చులో 35 శాతం, 10 లక్షలకి మించకుండా. అది నీ చేతికి వచ్చే డబ్బు కాదని మాత్రం గుర్తుంచుకో. మూడేళ్లపాటు బ్యాంకులోనే ఉండి, ఆ తర్వాత లోనుకి జమ అవుతుంది. దాన్ని చూసుకుని అక్కర్లేని మిషన్లు కొనకు. మీ నాన్న పొలం తాకట్టు పెట్టకు. చిన్న యూనిట్లకి తనఖా లేకుండా లోను ఇవ్వడానికి ప్రభుత్వ గ్యారంటీ ఉంది, బ్యాంకు మేనేజరు నానిస్తే గట్టిగా అడుగు. ఆ పొలం మీ తాతయ్య ఎంత కష్టపడి నిలబెట్టాడో నేను చూశాను.

ఇక అసలు సంగతి. దీని కోసమే ఇంత పెద్ద ఉత్తరం.

నువ్వు పుట్టకముందు ఏటుకూరు రోడ్డులో మనకి కారం మిల్లు ఉండేదని వినే ఉంటావు. అది ఎందుకు మూతపడిందో ఎవరూ నీకు సరిగ్గా చెప్పి ఉండరు. మీ మామయ్య బతికున్నన్నాళ్లూ ఇంట్లో ఆ మాట ఎత్తేవాళ్లం కాదు.

ఆయన మంచి మనిషి, పని తెలిసినవాడు. గుంటూరు, తెనాలి, చీరాల కిరాణా కొట్లకి కారం వేసేవాడు. చిన్న చిన్న బేరాలే అయినా వారం తిరిగేసరికి డబ్బు చేతికొచ్చేది. అలాంటి రోజుల్లో పక్క రాష్ట్రం నుంచి ఒక మసాలా వ్యాపారి వచ్చాడు. మొదటి లోడ్లకి కాటా వెయ్యగానే డబ్బు కట్టాడు. ఆ తర్వాత "మీ సరుకంతా నాకే ఇవ్వండి, ఊరూరా తిరగడం మీకెందుకు" అన్నాడు. మీ మామయ్య పొంగిపోయాడు. కిరాణా కొట్లకి వెయ్యడం మానేశాడు. రెండు షిఫ్టులు పెట్టి కొత్తగా కుర్రాళ్లని తీసుకున్నాడు. మన వాళ్లకి మనమే పని చూపిస్తున్నాం అని భోజనం దగ్గర కూర్చుని చెప్పేవాడు. ఇప్పుడు నువ్వంటున్నావే, అదే మాట.

మర దగ్గర వట్టిచెరుకూరు కుర్రాడొకడు ఉండేవాడు. పెద్దగా చదువుకోలేదు గానీ వాడి చేతిలో విద్య ఉంది. మర మూతి దగ్గర అరచెయ్యి పెట్టి, రాలుతున్న కారాన్ని బొటనవేలితో ఒకసారి నలిపి, "ఆపండి బాబాయ్, వేడెక్కింది, రంగు పోద్ది" అనేవాడు. మర చల్లారేదాకా ఆగాలి. కొత్త కారం పరిచి ఆరనివ్వాలి, వేడి మీద మూటకడితే లోపల చెమ్మ పడుతుంది. రెండు షిఫ్టుల హడావిడిలో వాడి మాట ఎవరూ వినలేదు. లోడు వెళ్లాక, రంగు తగ్గిందని ఆ వ్యాపారి డబ్బు కోసేశాడు. తర్వాతి లోడుకి వచ్చే నెల అన్నాడు. ఆ వచ్చే నెల ఎప్పటికీ రాలేదు.

నష్టం వ్యాపారంలో అందరికీ వస్తుంది. నేను తప్పంటున్నది ఆ తర్వాత జరిగిన దాన్ని. చేతిలో మిగిలిన డబ్బు మీ మామయ్య ముందు యార్డులో కమీషన్ వ్యాపారికి కట్టాడు, ఆయన గట్టిగా అడుగుతాడు కాబట్టి. తర్వాత బ్యాంకుకి కట్టాడు, నోటీసు వస్తుంది కాబట్టి. కుర్రాళ్లు అడగరు. "సార్, పర్వాలేదు, వచ్చే శనివారం చూద్దాం" అంటారు. అడగని వాళ్లకి ఆఖర్న ఇద్దామనుకున్నాడు. శనివారం బట్వాడా, అంటే జీతాల పంపకం, ఒకసారి తప్పింది, మళ్లీ తప్పింది, అట్లా జరుగుతూ పోయింది.

ఆ కుర్రాడు చెప్పకుండా హైదరాబాద్ వెళ్లిపోయి ఒక అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్‌గా చేరాడు. బాకీ కోసం వాళ్లమ్మ మన ఇంటికొచ్చింది. గొడవ పడలేదు. వరండాలో మెట్టు మీద కూర్చుని, నేనిచ్చిన మంచినీళ్లు తాగి, "మీరు మంచోళ్లేనమ్మా. కానీ ఆడ ఒకటో తారీకు రాగానే డబ్బులు చేతులో పెడతన్నారంట" అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. బాకీ తర్వాత తీర్చాం. వాడు మాత్రం తిరిగి రాలేదు. వాడి తమ్ముడిని రమ్మంటే వాడూ రాలేదు. ఆ వీధి నుంచి మరో పిల్లవాడు మన మిల్లు గుమ్మం తొక్కలేదు. అంత విద్య ఉన్నవాడు గేటు తీయడానికి పోయాడే అని ఇప్పటికీ నా కడుపు తరుక్కుపోతుంది.

పిల్లలు ఊరి మీద ప్రేమ లేక పోతున్నారని అందరూ తేలిగ్గా అనేస్తారు. నేను ఒప్పుకోను. అక్కడ జీతం ఏ రోజొస్తుందో వాళ్లకి తెలుసు. ఇక్కడ తెలియదు. ఆ ఒక్క తేడా నువ్వు చెరిపేస్తే, జీతం కాస్త తక్కువైనా ఉంటారు. అమ్మ చేతి అన్నం తిని, గది అద్దె లేకుండా బతకడం ఎవరికి చేదు?

అందుకని మొదటి రోజే బట్వాడాకి వేరే ఖాతా తెరువు. మూడు నెలల జీతాలు అందులో పడ్డాకే మర తిప్పు. కాయ ఎంత చవగ్గా దొరికినా ఆ డబ్బు ముట్టుకోకు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా యార్డు నిండా కాయ ఉంటుంది, మేలో యార్డుకి సెలవులొస్తాయి, ఏడాదికి సరిపడా కొని కోల్డ్ స్టోరేజీలో పెట్టాలన్న తొందరలో ఎంతటివాళ్లకైనా చెయ్యి అటే లాగుతుంది. లాగనివ్వకు.

ఎంత పెద్ద కొనుగోలుదారైనా నీ సరుకులో మూడో వంతుకి మించి ఒక్కరికే ఇవ్వకు. ఇప్పుడు మీకు చట్టం ఉంది. 2006 నాటి చిన్న పరిశ్రమల (ఎంఎస్ఎంఈ) చట్టం ప్రకారం చిన్న యూనిట్లకి 45 రోజుల్లోపు డబ్బు కట్టాలి, దాటితే బ్యాంకు రేటుకి మూడు రెట్లు వడ్డీ. బిల్లు మీద గడువు తేదీ రాయించు, సంతకం తీసుకో. కానీ చట్టం నెలల మీద నడుస్తుంది, బట్వాడా శనివారం శనివారం వస్తుంది. దాని మీద ఆశ పెట్టుకుని అప్పు సరుకు వెయ్యకు.

సరుకు విషయం నీకు తెలిసిందే అయినా ఒక్క మాట. కాయలో తేమ 10, 11 శాతం దాటితే కొనకు. కల్లంలో తడిసిన కాయకి బూజు పడుతుంది, బూజు నుంచి అఫ్లాటాక్సిన్ అనే విషం వస్తుంది, అది మర పట్టినా పోదు. యూరప్ వాళ్లు కిలో మసాలా దినుసుల్లో అది మొత్తం 10 మైక్రోగ్రాములు దాటితే వెనక్కి పంపిస్తారు. రంగు పోయిన తాలు కాయ కలిపి పైన రంగు వేద్దామనే సలహాదారులు నీ చుట్టూ చేరతారు. 2003లో మన దేశం నుంచి వెళ్లిన కారంలో సుడాన్ అనే, తిండిలో వాడకూడని రసాయన రంగు బయటపడి యూరప్‌లో ఎంత గోల జరిగిందో చదువు. అలాంటి సలహా ఇచ్చినవాణ్ని ఆ రోజే పంపించెయ్యి.

పదిమంది చేరగానే ఈఎస్ఐ, ఇరవైమంది కాగానే పీఎఫ్ కట్టాలి. పద్దులో తొమ్మిదిమందినే చూపించి మిగిలినవాళ్లని రోజు కూలీల కింద రాసే తెలివి నీకొద్దు. అలా చేశావని తెలిస్తే నీ గుమ్మంలో అడుగుపెట్టను, ఇప్పుడే చెబుతున్నాను. మిరపకాయల ముచ్చికలు (తొడిమలు) తీసే ఆడవాళ్ల చేతులు ఎప్పుడైనా చూశావా? రాత్రి మంటకి నిద్రపట్టక కొబ్బరినూనె రాసుకుని కూర్చుంటారు. గ్లవ్స్ ఇవ్వు. చెమటకి తీసేస్తారు, మళ్లీ వేసుకోమని చెప్పు. మర గదిలో దుమ్ము లాగే ఫ్యాన్ లేకుండా ఒక్క రోజు కూడా పని పెట్టకు. మీ మామయ్య దగ్గు నీకు గుర్తుంది కదా.

బాపట్లలో ఆహార సాంకేతిక కళాశాల ఉంది, నల్లపాడులో పాలిటెక్నిక్ ఉంది. ఆ పిల్లల్ని ఇద్దరు ముగ్గుర్ని తీసుకుని పరీక్షల గది వాళ్లకి అప్పగించు. మర దగ్గర వాళ్లకి పని నేర్పడానికి వయసు మళ్లిన మేస్త్రీ ఒకాయన నాకు తెలుసు, నేను మాట్లాడతాను. ఆయన చెప్పింది విను. వేడెక్కింది అంటే ఆపు.

నీ గురించి కూడా కాస్త ఆలోచించుకో తల్లీ. మొదటి ఏడాది నీ జీతం కూడా పద్దులో రాసుకో, ఎంత చిన్నదైనా సరే. నువ్వు తినకుండా నలుగురికి పెట్టలేవు. మీ అమ్మ ఏడుస్తోందని విన్నాను. ఆవిడతో నేను మాట్లాడతాను, నువ్వు మాత్రం విసుక్కోకు. పైన గది ఖాళీగానే ఉంది, ఫ్యాను బాగు చేయించాను. యడ్లపాడుకి ఇక్కణ్నుంచే వెళ్లి రావచ్చు.

సంక్రాంతి దాటిన వారం రా. కొత్త కాయ వస్తుంటుంది, తెల్లారకముందే యార్డుకి తీసుకెళతాను. చుట్టుగుంట దగ్గర నాకు తెలిసిన కమీషన్ వ్యాపారులు ఇద్దరున్నారు, కాయ విరిచి చూడడం వాళ్ల దగ్గర నేర్చుకుందువు. బ్యాంకుకి నేనూ వస్తాను. బట్వాడా ఖాతా తెరిచేటప్పుడు మొదటి లక్ష నాది. వద్దనకు, అది నీకిస్తున్నది కాదు, నీ దగ్గర పనిచేసే పిల్లల జీతాలకి.

ఆశీస్సులతో,
మీ అత్త
గుంటూరు