పాత కంప్యూటరును ఫార్మాట్ చేయించే ముందు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మీ ఇంట్లోని కంప్యూటరు పొద్దున ఆన్ చేస్తే పనికి వచ్చేసరికి ఏడెనిమిది నిమిషాలు పడుతోందనీ, కొన్ని రోజులు నల్లటి తెర మీద ఏదో ఇంగ్లీషు వాక్యం చూపించి అక్కడే నిలిచిపోతోందనీ, దుకాణంలో అడిగితే ఫార్మాట్ చేస్తే, అంటే డిస్కులోనివన్నీ చెరిపి విండోస్ మళ్ళీ వేస్తే, సరిపోతుందన్నారనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. దయచేసి ఆ పని ఇప్పుడే చేయించవద్దు. తాతయ్య సహస్రచంద్రదర్శనం నాటి ఫొటోలు, అమ్మమ్మ పాడిన మంగళహారతుల రికార్డింగులు అందులోనే ఉన్నాయి, వాటికి మరో కాపీ ఉన్నట్టు నాకు తెలియదు. పైగా ఫార్మాట్‌తో విండోస్ మాత్రమే కొత్తదవుతుంది. అరిగిన హార్డ్ డిస్కు, అయిపోయిన సెల్లు, వదులైన కేబులు ఎక్కడివక్కడే ఉంటాయి.

2012లో దానిని బిగించి ఇచ్చింది నేనే కనుక లోపల ఏముందో నాకు గుర్తుంది. ముందుగా ఆలస్యం ఏ దశలో జరుగుతోందో తేల్చుకో. ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టుకుని, పవర్ బటన్ నొక్కినప్పటి నుంచి మదర్‌బోర్డు (లోపల అన్నీ తగిలించే పెద్ద బోర్డు) కంపెనీ పేరు కనబడేదాకా ఎంత, అక్కడి నుంచి విండోస్ చుక్కలు తిరగడం మొదలయ్యేదాకా ఎంత, డెస్క్‌టాప్ వచ్చేదాకా ఎంత, ఆ తరువాత సీపీయూ డబ్బా మీద, డిస్కు పనిచేస్తుంటే వెలిగే ఎర్ర లైటు ఎడతెగకుండా వెలగడం మానేదాకా ఎంత అన్నది కాగితం మీద రాసుకో. విండోస్ 10లో మామూలుగా షట్‌డౌన్ చేస్తే అది కొంత భాగాన్ని డిస్కులో దాచుకుని మరునాడు అక్కడి నుంచి లేస్తుంది కాబట్టి, అసలు సమయం తెలియాలంటే ఒకసారి రీస్టార్ట్ చేసి కూడా లెక్కపెట్టు. విండోస్ మొదలుకాక ముందే ఆలస్యమైతే తప్పు మదర్‌బోర్డులోనో, దానికి తగిలించిన వస్తువులలోనో ఉంటుంది. చుక్కలు తిరుగుతూ ఉండిపోతే డిస్కును అనుమానించాలి. డెస్క్‌టాప్ వచ్చాక మొరాయిస్తే తనంతట తాను మొదలయ్యే ప్రోగ్రాములను చూడాలి. ఆ చివరిది చిన్న పనే: టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ అన్న చోటికి వెళ్ళి, యాంటీవైరస్ తప్ప నీకు అక్కరలేనివన్నీ డిజేబుల్ చేస్తే చాలు.

తెర మీద వచ్చే వాక్యాన్ని ప్రతిసారీ ఫొటో తీయి. ఎందుకంటే రెండు వేర్వేరు జబ్బులకు రెండు వేర్వేరు వాక్యాలు వస్తాయి. సీమాస్ చెక్‌సమ్ ఎర్రర్ అనో, తేదీ, సమయం సరిచేసుకోమనో చెప్పి ఎఫ్1 నొక్కమంటే, మదర్‌బోర్డు మీది గుండ్రటి సెల్లు అయిపోయిందని అర్థం. దానిని సీఆర్ 2032 అంటారు, 3 వోల్టులది. స్విచ్ బోర్డు దగ్గర కరెంటు ఆపేసినా గడియారాన్నీ, బయోస్ (విండోస్ కంటే ముందు లేచే మదర్‌బోర్డు సొంత ప్రోగ్రాము) అమరికలనూ నిలబెట్టేది అదే. ఈ సెల్లు పోయిన ఇళ్ళలో తేదీ ఏళ్ళ వెనక్కి వెళ్ళిపోతుంది. అప్పుడు బ్యాంకు వెబ్‌సైటు కూడా సురక్షితం కాదని బ్రౌజరు హెచ్చరిస్తుంది, ఇంటివాళ్ళు వైరస్ అనుకుని భయపడతారు. సెల్లు మార్చే ముందు బయోస్‌లోకి వెళ్ళి, శాటా మోడ్ (డిస్కుతో మదర్‌బోర్డు మాట్లాడే పద్ధతి) అన్న చోట ఏహెచ్‌సీఐ అని ఉందో, ఐడీఈ అని ఉందో ఫొటో తీసుకో. సెల్లు తీసినప్పుడు ఆ అమరిక మారిపోతే విండోస్ నీలి తెర చూపించి మళ్ళీ మళ్ళీ రీస్టార్ట్ అవుతుంది, చాలామంది అప్పుడు డిస్కు పోయిందనుకుంటారు.

రెండవ వాక్యం, సరైన బూట్ డివైస్, అంటే విండోస్ ఉన్న డిస్కు, ఎంచుకోమని అడిగేది. అది కనిపించిన రోజున మొదట పెన్‌డ్రైవ్ ఏదైనా తగిలించి మరిచిపోయారేమో చూడు. లేకపోతే ప్లగ్గు పీకేసి, పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కిపట్టి మిగిలిన కరెంటు పోనిచ్చి, డబ్బా మూత తీసి, హార్డ్ డిస్కుకు వెళ్ళే శాటా కేబులును రెండు వైపులా తీసి మళ్ళీ గట్టిగా పెట్టు. మూత తీశావు కనుక దుమ్మును మెత్తటి బ్రష్షుతో దులుపు. ర్యామ్‌ను (పని జరిగేటప్పుడు వాడే మెమరీ ముక్కను) తీసి బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో మృదువుగా తుడిచి, పొడి ఊదేసి, రెండు పక్కల క్లిప్పులు టక్కున పడేదాకా నొక్కు. ఆన్ చేయగానే బీప్ శబ్దాలు వచ్చి తెర వెలగని కంప్యూటర్లు ఎన్నో ఈ ఒక్క పనితో లేచాయి. కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ డబ్బా ఫ్యాను తిరుగుతోందో లేదో, మదర్‌బోర్డు మీద చిన్న డబ్బాల్లా నిలబడి ఉండే కెపాసిటర్ల తలలు ఉబ్బాయో లేదో కూడా చూడు. ఉబ్బితే నాకు చెప్పు, నువ్వు ముట్టుకోకు.

ఇక డిస్కు సంగతి. మీ అమ్మ చెప్పిన లక్షణాలను బట్టి నా అనుమానమంతా దాని మీదే. క్రిస్టల్‌డిస్క్ఇన్ఫో అనే, డిస్కు ఆరోగ్యం చెప్పే ఉచిత ప్రోగ్రాము పెట్టి చూడు. రీఅలొకేటెడ్ సెక్టార్లు (పాడై పక్కన పెట్టిన చోట్లు), కరెంట్ పెండింగ్ సెక్టార్లు (చదవలేక అనుమానంలో ఉంచిన చోట్లు) అన్న వరుసల్లో సున్నా కాక అంకెలు ఉండి, పైన పసుపు రంగులో కాషన్ అని కనిపిస్తే, డిస్కు కొన్ని చోట్ల చదవలేక మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తోందన్నమాట. ఆ ఏడెనిమిది నిమిషాలూ ఎక్కువగా అక్కడే పోతుంటాయి. అప్పుడు చెక్‌డిస్క్ (డిస్కు లోపాలు వెతికి సరిచేసే విండోస్ ప్రోగ్రాము) నడపమని ఎవరు చెప్పినా వినకు. చాలా ఏళ్ళ క్రితం ఒక ఉపాధ్యాయుడు టిక్ టిక్ మని శబ్దం చేస్తున్న డిస్కును నా దగ్గరకు తెచ్చారు. కాపీ తీయకుండా చెక్‌డిస్క్ పెట్టి రాత్రి ఇంటికి వెళ్ళిపోయాను. డిస్కు అంగుళం అంగుళం చదవాల్సి వచ్చి తెల్లారేసరికి పూర్తిగా ఆగిపోయింది, ఆయన కూతురి పెళ్ళి ఫొటోలు తిరిగి రాలేదు. ఆ ఉదయం ఆయన ముఖం నేను మరిచిపోలేదు. అందుకే చెబుతున్నాను, వేరే డ్రైవు తెచ్చి ముందు ఫొటోలు, రికార్డింగులు, ఆ తరువాత ఇంటి కాగితాల స్కాన్లు కాపీ చేయి, సినిమాలు చివరికి వదిలేయి.

తరువాత 250 జీబీ స్థాయి శాటా ఎస్ఎస్‌డీ (చిప్పుల్లో దాచుకునే కొత్త రకం డిస్కు) కొను. ఆ పాత డిస్కు నిమిషానికి 7200 సార్లు తిరుగుతుంది. అంటే కావలసిన చోటు డిస్కును చదివే ముల్లు కిందికి రావడానికే సగటున 4 మిల్లీసెకన్ల పైచిలుకు, ముల్లు కదలడానికి ఇంకొన్ని. విండోస్ లేవడానికి వేల చిన్న చిన్న ఫైళ్ళు అక్కడొకటి ఇక్కడొకటి చదవాలి కనుక ఆ కాలమంతా పోగుపడుతుంది. ఎస్ఎస్‌డీలో తిరిగేదేమీ లేదు, ఆ నిరీక్షణా లేదు. మీ మదర్‌బోర్డులో పాత శాటా పోర్టే ఉన్నా తేడా మొదటి రోజే కనబడుతుంది. ర్యామ్ 4 జీబీయే ఉంది కాబట్టి అదే రకం డీడీఆర్3 ముక్క దొరికితే 8కి పెంచు, కానీ డబ్బు ఒకదానికే ఉంటే ఎస్ఎస్‌డీకే పెట్టు.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఆ బోర్డులో లేదు. మీ అమ్మ వాడేది బ్రౌజరు, వీడియో కాల్సు, ఉత్తరాలు మాత్రమే కనుక కొత్త ఎస్ఎస్‌డీ మీద విండోస్‌కు బదులుగా ఉచితంగా దొరికే లైనక్స్ మింట్, అందులోనూ తేలికైన ఎక్స్ఎఫ్‌సీఈ రకం వేయడం నాకు ఇష్టం. పెన్‌డ్రైవ్ నుంచి నడిపి ముందు ఆమెకు చూపించు, ఒప్పుకుంటేనే వేయి. మీ వీధిలో కరెంటు తరచుగా పోతుంటే యూపీఎస్ బ్యాటరీ కూడా చూపించుకో. డిస్కులో ఫైళ్ళు రాస్తున్న మధ్యలో కరెంటు పోతే అవి పాడై కంప్యూటరు మళ్ళీ మొరాయించవచ్చు.

పాత డిస్కును పారేయకు. తీసిన తేదీ దాని మీద రాసి, కవరులో పెట్టి బీరువాలో ఉంచు. స్టాప్‌వాచ్ లెక్కలు, తెర ఫొటోలు రేపు సాయంత్రంలోగా నాకు పంపు, అవి చూశాకే ఏం కొనాలో చెబుతాను.

ఇట్లు,
మీ మామయ్య