రోజూ బైబిల్ చదవడం వల్ల మీకేం ఒరిగింది? చదివింది గుర్తుండకపోతే ఉపయోగమేంటి?

పొద్దున చదివింది సాయంత్రానికి గుర్తుండటం లేదు, పైగా బలులు, నియమాలతో నిండిన లేవీయకాండం దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ ఆగిపోతున్నాను, ఇలాగైతే రోజూ చదివి ఏం లాభం అని అడిగారు. నాకూ సాయంత్రానికి గుర్తుండదండి. ఏళ్ల తరబడి చదువుతున్నా అంతే. అయినా ఈ అలవాటు నాకు అబ్బినందుకు దేవునికి మనసారా కృతజ్ఞతలు చెప్పుకుంటూనే ఉంటాను.

23వ కీర్తన, యోహాను సువార్త మూడో అధ్యాయం లాంటివి చదవడానికి అలవాటేమీ అక్కర్లేదు. కష్టం వస్తే చాలు, చెయ్యి దానంతటదే ఆ పేజీకి వెళ్తుంది. నేను కృతజ్ఞత చెప్పుకునేది మిగతా పేజీల కోసం. వరసగా చదివే అలవాటే లేకపోతే వాటిని నా అంతట నేను ఎన్నడూ తెరిచేదాన్ని కాదు.

88వ కీర్తన ఉంది కదా. బాధతో మొదలయ్యే కీర్తనలు చాలా ఉన్నా, దాదాపు అన్నీ ఎక్కడో ఒకచోట నమ్మకం వైపు తిరుగుతాయి. ఇది తిరగదు. కీర్తన రాసినాయన పగలూ రాత్రీ మొరపెడుతున్నానంటాడు, నా నుంచి ముఖం ఎందుకు దాచుకున్నావని దేవుణ్ణే నిలదీస్తాడు, చివరికి చీకటే తనకు బంధువర్గమైందని చెప్పి ఆపేస్తాడు. మొదటిసారి వరసలో వచ్చినప్పుడు నాకు పెద్దగా ఏమీ అనిపించలేదు. ఇదేంటి, ఇలా అయిపోయింది అనుకుని, పక్కన పెన్సిల్‌తో ఒక ప్రశ్న గుర్తు పెట్టి మర్నాడు 89కి వెళ్లిపోయాను.

కొన్నేళ్లకు నాన్నగారు ఐసీయూలో చేరారు. బంధువులు, సంఘంలోని వాళ్లు ప్రేమతో ఫోన్‌కి బైబిల్లోని వాగ్దాన వచనాలు పంపేవాళ్లు. అందరికంటే ఎక్కువగా వచ్చింది యిర్మీయా 29:11, దేవుని ఉద్దేశాలు మన సమాధానం కోసమే గానీ హాని కోసం కావన్న మాట. గొప్ప మాటే. కానీ ఆ అధ్యాయం మొత్తం చదివి ఉన్నాను కాబట్టి దాని పై వచనం కూడా నాకు తగిలేది. యెరూషలేము నుంచి బబులోనుకు బందీలుగా చెరపోయిన వాళ్లకు యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరం అది. అక్కడే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి అని మొదలుపెట్టి, 70 ఏళ్లు గడిచాక మిమ్మల్ని వెనక్కి రప్పిస్తానంటాడు దేవుడు. ఆ తర్వాతే 11వ వచనం. ఆ ఉత్తరం ముందుగా పంపింది పెద్దలకు. వాళ్లలో ఎక్కువమంది తిరిగి వెళ్లడం చూడకుండానే పోయి ఉంటారు. ఇది తెలిసినందుకు నాకు నిరాశ కలగలేదు, పెద్ద బరువు దిగింది. నాన్న లేచి ఇంటికొస్తేనే దేవుడు మాట నిలబెట్టుకున్నట్టు అన్న టెన్షన్ పోయింది. నాన్న ఇంటికి రాలేదు.

ఆ వారాల్లో నాకు సొంతంగా ప్రార్థన చేయడానికి మాటలు రాలేదు. ఐసీయూ బయట కుర్చీలో కూర్చుని 88వ కీర్తన చదివేదాన్ని. కంఠతా రాదు, కానీ ఎక్కడుందో తెలుసు. దేవుని ముందు ఇలా కూడా మాట్లాడొచ్చని, ఈ మాటలు బైబిల్లోనే, అదీ అందరూ కలిసి పాడుకునే పాటల్లోనే ఉన్నాయని తెలుసు. అప్పటికప్పుడు వెతుక్కుంటే దొరికేది కాదు. ఓదార్పు కోసం వెతికేవాళ్లకు ఆ కీర్తన ఎవరు చూపిస్తారు? ఏమీ తోచని ఒక మామూలు పొద్దున చదివి వదిలేసింది అది. కాబట్టి సాయంత్రానికి మర్చిపోతున్నారని మీరు బెంగపడొద్దు.

ఇక విసుగు పుట్టించే భాగాల సంగతి. అన్నిటినీ నేను వెనకేసుకురాను. సంఖ్యాకాండం 7లో ఇశ్రాయేలు 12 గోత్రాల ప్రధానులు ఒకే రకం అర్పణ తెస్తే 12 సార్లూ పూర్తిగా రాశారు, మొత్తం 89 వచనాలు. నేను గబగబా దాటేస్తాను. కానీ 26వ అధ్యాయంలో జనసంఖ్య వస్తుంది, యుద్ధానికి వెళ్లగల మగవాళ్ల లెక్క. వంశాలు, అంకెలు, మళ్లీ వంశాలు. మధ్యలో సెలోపెహాదు అనే ఆయనకు కొడుకులు లేరు, కూతుళ్లే అని చెప్పి ఐదుగురి పేర్లు ఉంటాయి: మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. మగవాళ్ల లెక్కలో ఈ ఆడపిల్లల పేర్లెందుకు? తర్వాతి అధ్యాయంలో తెలుస్తుంది. మోషే, యాజకుడు, ప్రధానులు, సమాజమంతా చూస్తుండగా ఈ ఐదుగురూ ప్రత్యక్షపు గుడారం (దేవుణ్ణి ఆరాధించే గుడారం) ద్వారం దగ్గర నిలబడి, కొడుకులు లేనంత మాత్రాన మా నాన్న పేరు ఎందుకు చెరిగిపోవాలి, మాకూ భూమి ఇవ్వండి అని అడుగుతారు. మోషే సొంతంగా తేల్చకుండా దేవుణ్ణి అడుగుతాడు. వాళ్లు చెప్పింది సరైనదేనని జవాబొస్తుంది. యెహోషువ 17లో మళ్లీ వచ్చి, ఇస్తానన్నది ఇమ్మని అడిగి మరీ తీసుకుంటారు. (సంఖ్యాకాండం 36లో వాళ్ల పెళ్లిళ్లకు ఒక షరతు పెట్టారు. అది నాకు అంతగా నచ్చదు, కానీ అదీ ఉంది.) ప్రసంగాల్లో నేను ఈ ఐదుగురి మాటే వినలేదు. లెక్కల పేజీ దాటేసి ఉంటే నాకు వీళ్లు తెలిసేవాళ్లే కాదు.

అలవాటు నిలబెట్టుకోవడం గురించి కూడా అడిగారు కదా. 1189 అధ్యాయాలను ఏడాదిలో ముగించాలంటే రోజుకు మూడు నాలుగు చదవాలి. చదవగలిగితే మంచిదే. నాకు కుదరలేదు. రోజుకు ఒకటే అయితే మూడేళ్లు దాటుతుంది, దాటనివ్వండి. అధ్యాయం మధ్యలో ఆపినా తప్పు లేదు, ఆ విభజన 13వ శతాబ్దంలో పెట్టిందే. యెషయా 53 అని మనం చెప్పుకునే భాగం నిజానికి 52:13 దగ్గరే మొదలవుతుంది. రోజులు తప్పితే బాకీ తీర్చడానికి ప్రయత్నించకండి, గుర్తు పెట్టిన చోటి నుంచి చదవండి చాలు. యాప్‌లో వరసగా ఎన్ని రోజులు చదివారో చూపించే అంకె ఉంటుంది, నేనైతే దాన్ని ఆపేశాను.

లేవీయకాండాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టి మార్కు సువార్త చదవండి, 16 అధ్యాయాలే. తర్వాత వెనక్కి వచ్చినప్పుడు లేవీయకాండం 16 చదివిన రోజు హెబ్రీయులకు రాసిన పత్రిక 9, 10 అధ్యాయాలు కూడా చదవండి, ఆ బలులన్నీ ఎందుకో అర్థమవుతుంది. 19వ అధ్యాయంలో పొలం అంచుల్లో పంట కోయొద్దు, పరిగె ఏరుకోవద్దు, పేదలకూ పరదేశులకూ వదిలేయండి అన్న ఆజ్ఞ వస్తుంది. ఆ రోజు మాత్రం, అలా పరిగె ఏరుకుని బతికిన పరదేశి రూతు కథ చెప్పే రూతు పుస్తకం తెరవండి. నాలుగే అధ్యాయాలు, ఒక్క కూర్చోడంలో అయిపోతాయి.