బ్రేక్‌లో బాల్ ఎక్కువసార్లు పడిన జట్టు ఎందుకు ఓడిపోతుంది?

మోస్కోనీ కప్ (యూరప్, అమెరికా జట్ల పోటీ) లాంటి నైన్ బాల్ (ఒక రకం పూల్ ఆట) టీమ్ పోటీల్లో బ్రేక్ పర్సెంటేజీ (ఆట మొదలుపెట్టే షాట్‌లో బాల్ జేబులో పడిన శాతం) బాగున్నవాళ్లు కూడా ఓడిపోతున్నారు, మరి ఆ లెక్కలెందుకు అని కదా మీ ప్రశ్న.

బాల్ పడిందా లేదా అన్న ఒక్క లెక్కతో ఏమీ తేలదండి. పడ్డాక 1 నంబర్ బాల్ (తెల్ల బాల్ ముందు తగలాల్సింది దానికే) కనబడుతోందా, తెల్ల బాల్ ఎక్కడ ఆగింది, అదీ సంగతి. కనబడకపోతే చాలాసార్లు పుష్ అవుట్ (ఏ బాల్‌కీ తగలకపోయినా ఫౌల్ కాని షాట్) చేసుకోవాలి, ఆ తర్వాత ఆడాలా, తిరిగి మీకే అప్పగించాలా అన్నది ఎదుటివాడి ఇష్టం.

తిరుపతిలో మేం ఆడే చోట పాత క్యాలెండర్ కాగితం వెనక రాసుకునేవాళ్లం: బాల్ పడితే గీత, పడకపోతే సున్నా, తెల్ల బాల్ కూడా జేబులోకి పోతే ఇంటూ. గీతలన్నీ మా రాక్షసుడివే (అంత గట్టిగా కొడతాడు), టేబుల్ బిల్లు కట్టేదీ వాడే. ఎందుకంటే వాడి ఇంటూలు కూడా తక్కువేం కాదు, ఫౌల్ అయ్యాక తెల్ల బాల్ చేత్తో నచ్చిన చోట పెట్టుకునే అవకాశం మాకొచ్చేది.

ఇంకోటి, మోస్కోనీలో ఒక మ్యాచ్ 5 ర్యాకులు (విడి ఆటలు) ముందు గెలిచినవాళ్లది, అంటే మహా అయితే 9 ర్యాకులు. అన్ని తక్కువ బ్రేకుల్లో ఒక్కటి అటూ ఇటూ అయినా పర్సెంటేజీ తలకిందులవుతుంది. నన్నడిగితే బ్రేక్ కొట్టి అదే ఊపులో టేబుల్ ఖాళీ చేసిన ర్యాకులెన్ని, బ్రేక్‌లో ఫౌల్స్ ఎన్ని, ఈ రెండే ముందు చూడండి.